వీపు మీద చెయ్యి

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఏమిటంటే, పాపని మేడమీద అక్క చేతుల్లో పెట్టి నేను ఈ గడప దాటాల్సి రావడం. మా ఆయన ఫ్యాక్టరీలోంచి బయటికి రాకపోవడం, వచ్చాక ఆయన్ని జైల్లో పెట్టడం, ఇవన్నీ దాని తర్వాతి భయాలు. అక్క అంటే నా తోడికోడలు. చెడ్డ మనిషి కాదు. పిల్లల్లేరు. పాపని ఎత్తుకుందంటే ఇక దించదు. నేను ఎదురుగా నిలబడి చేతులు చాపినా, కనపడనట్టు పాప మెడలోకి మొహం దాచేసుకుంటుంది.

ఆ ఉదయం ఆ భయానికి కూడా తీరిక లేదు. మా ముందుగదిలో రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఫ్యాక్టరీ గేటుకి సీలు వేసిన మనిషి. రెండోదాంట్లో సీలు వేయించుకున్నవాళ్ళ మనిషి. ఇద్దరూ నేను పెట్టిన టీ తాగుతున్నారు.

సీలు వేసినవాడు మా బావగారు, మా ఆయనకి స్వయానా అన్న. ఫ్యాక్టరీల తనిఖీ శాఖలో ఇన్‌స్పెక్టరు. రెండో ఆయన కంపెనీ మనిషి. బజారంతా టైబాబు అంటుంది. ఎండలు మండిపోతున్నా టై విప్పడు. చెమట తుడుచుకోవడానికి కూడా దాన్నే వాడతాడని గిట్టనివాళ్ళు అంటారు. నేను ఆ రోజు కళ్ళారా చూశాను, గిట్టనివాళ్ళు అబద్ధం చెప్పలేదు.

వాళ్ళిద్దరికీ మధ్య, పీట మీద అత్తయ్య. ఒక కొడుకు ఎదురుగా కూర్చుని బిస్కెట్టు ముంచుకుంటున్నాడు. ఇంకో కొడుకు ఫర్నేసు ముందు నిలబడి ఉన్నాడు. ఏ కొడుకు వైపు చూడాలో తెలియక ఆవిడ పండ్లబుట్ట వైపు చూస్తోంది. బుట్ట టైబాబు తెచ్చాడు. బుట్టకి రిబ్బను కూడా ఉంది. ఇంట్లో మనిషి లోపల చిక్కుకుపోతే రిబ్బను కట్టిన బుట్ట తెచ్చేవాళ్ళని అప్పుడే చూశాను.

మాది సీసాల ఫ్యాక్టరీ ఊరు. గాజు కరిగించే ఫర్నేసుని ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి ఆర్పరు. ఆరిందా, లోపలి గాజు గడ్డకట్టి ఫర్నేసు రాయైపోతుంది. దాన్ని పగలగొట్టి, మళ్ళీ కట్టి, మళ్ళీ వెలిగించేదాకా ఊరందరికీ పస్తే. అత్తయ్య దాన్ని పొయ్యి అంటుంది. ఆవిడ మొగుడు ఆ పొయ్యి దగ్గరే ముసలాడయ్యాడు.

ఇదంతా ఒక్క మాటతో మొదలైంది. ఆ మాట అన్నది కంపెనీ ఛైర్మన్, మేమందరం పెద్దాయన అంటాం. తనకి నచ్చనిది రాసిన పత్రికాఫీసులకి ప్రభుత్వం తాళాలు వేయిస్తున్న రోజులు. పెద్దాయన ఒక సభలో మైకు అందుకుని, భయపడేవాడు వ్యాపారం చెయ్యలేడు, భయపెట్టేవాడు రాజ్యం చెయ్యలేడు అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. మా ఆయన ఆ సాయంత్రం ఆ మాటని నాకు రెండుసార్లు చెప్పాడు. ఫర్నేసు హోరులో పనిచేసేవాళ్ళకి మాటలు తక్కువ. ఆయన ఒకే మాట రెండుసార్లు అనడం నేను వినడం అదే మొదలు.

అదే పెద్దాయన నిరుడు, ఫర్నేసు హాల్లో పంకాలు తిరగట్లేదని నోరు విప్పిన ముగ్గురిని గేటు బయటికి పంపించాడు. ఆ సంగతి నేను గుర్తుచేస్తే మా ఆయన కంచంలోకి చూశాడు. నేనూ వదిలేశాను. బడి మధ్యలో మానేసినదాన్ని, పెద్దవాళ్ళ స్వేచ్ఛ గురించి నాకేం తెలుసు.

ఆ సభ అయిన మర్నాటి నుంచి ప్రభుత్వానికి మా ఫ్యాక్టరీ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అన్నేళ్ళుగా కనపడని పొగ కనపడింది. నీళ్ళు చూసేవాళ్ళు వచ్చారు, నిప్పు చూసేవాళ్ళు వచ్చారు, క్యాంటీన్లో గరిటెలు చూసేవాళ్ళు కూడా వచ్చారు. చివరికి ఫర్నేసు వంతు, అంటే మా బావగారి వంతు వచ్చింది. ప్రతి ఏడూ ఆ ఫర్నేసు భేషుగ్గా ఉందని సంతకం పెట్టిన చెయ్యి ఆయనదే. ఈ ఏడు అదే ఫర్నేసు ప్రజల ప్రాణాలకి ముప్పు అయిపోయింది. ఫర్నేసు మారలేదు, చెయ్యీ మారలేదు. మరేం మారిందో ఆయన్ని అడిగినవాళ్ళు లేరు.

గేటుకి సీలు వేసింది సరిగ్గా డ్యూటీ మారే వేళ. దిగాల్సిన నలుగురు లోపల, ఎక్కాల్సిన నలుగురు గేటు బయట. లోపలివాళ్ళు రావచ్చు, బయటివాళ్ళు మాత్రం పోకూడదని బావగారు ఆర్డరు చదివారట. ఫర్నేసు మనుషుల సంగతి తెలిసినవాడెవడూ అలాంటి ఆర్డరు రాయడు. ఆ హోరులో పిలుపులు వినపడవు. అందుకని ఎక్కేవాడు వచ్చి, ముందు తను ఫర్నేసులోకి చూసుకుని, అప్పుడు దిగేవాడి వీపు మీద చెయ్యి వేస్తాడు. ఇక నాది, నువ్వు వెళ్ళు అని. ఆ చెయ్యి పడేదాకా దిగేవాడు చూపు తిప్పడు.

పెళ్ళైన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆయన పడుకుని ఉంటే వీపు మీద చెయ్యి వేశాను. దిగ్గున లేచి, చొక్కా తొడుక్కుని, చెప్పుల కోసం వెతుక్కున్నాడు. డ్యూటీ దిగాననుకున్నాడు. ఆ తర్వాత నేను భుజం తట్టి లేపుతున్నాను.

ఆ చెయ్యి ఇంకా పడలేదు. అందుకే మూడు రోజులుగా నలుగురూ తమలో తామే వంతులు వేసుకుంటూ లోపలే ఉన్నారు. ఫోన్లు హాల్లోకి తీసుకెళ్ళకూడదు కాబట్టి అవి గేటు దగ్గర పెట్టెలో ఉండిపోయాయి. ఆ పెట్టెకీ బావగారు సీలు వేశారు. ఛార్జింగు ఉన్నన్నాళ్ళు అవి పెట్టెలో మోగుతూనే ఉన్నాయట, కాపలా కానిస్టేబుళ్ళకి కాలక్షేపంగా.

టైబాబు కప్పు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. ముందు పాప వయసెంత అని అడిగాడు, తర్వాత ఎంత ముద్దుగా ఉందో చెప్పాడు, తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

“మీవారు బయటికి వచ్చాక విలేకర్లు అడుగుతారు మేడమ్. ఒక్క మాట అంటే చాలు. మా ఇష్టంతోనే ఉన్నాం, కంపెనీ మమ్మల్ని వెళ్ళిపొమ్మంది అని.”

బావగారు తల అడ్డంగా ఊపారు. కోపంగా కాదు, పిల్లాడు ఎక్కం తప్పు చెబితే మాస్టారు ఊపినట్టు. “వాడు అనాల్సింది అది కాదమ్మాయ్. కంపెనీ మమ్మల్ని బలవంతంగా ఆపేసింది అనాలి. అలా అంటే వాడి మీద ఈగ వాలదు. నేను చూసుకుంటా.”

ఇక ఇద్దరూ కొట్టుకుంటారని నేను పాపని దగ్గరికి లాక్కున్నాను. టైబాబు బిస్కెట్ల పళ్ళెం బావగారి వైపు జరిపాడు. ఆయన ఒకటి తీసుకున్నారు.

ఆంబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్టు అని అత్తయ్య మొదట్నుంచీ అంటోంది. ఆంబోతులు నయం. అవి నిజంగా పొడుచుకుంటాయి.

భయపడేవాడు వ్యాపారం చెయ్యలేడు అన్నారు కదా మీ పెద్దాయన, అని అడిగాను. ఆ మాటని అందరూ తప్పుగా అర్థం చేసుకున్నారని టైబాబు చెప్పాడు. పెద్దాయన ఉద్దేశం వేరట. రేపోమాపో పెద్దాయనా మంత్రిగారూ ఒకే సోఫాలో కూర్చుని ఆ ఉద్దేశమేమిటో అందరికీ చెబుతారట. రాజీ కుదిరినట్టే. ఇక ఒక్కటే తేలాలి, ఇన్నాళ్ళూ సీలుని ధిక్కరించి లోపల ఉన్న తప్పు ఎవరిది అన్నది. ప్రభుత్వం కంపెనీది అంటోంది. కంపెనీ పనివాళ్ళది అంటోంది. వాళ్ళవాళ్ళ నోళ్ళతో చెప్పుకుంటే రాజీ చెడుతుంది. అందుకని మా ఆయన నోరు కావాలి. ఏడాదికి పట్టుమని పది మాటలు మాట్లాడని ఆ నోరు.

“మరి పొయ్యిలో గాజు గడ్డకట్టదూ?” అంది అత్తయ్య.

అప్పటిదాకా ఆ గదిలో ఎవరూ ఫర్నేసు ఊసెత్తలేదు.

టైబాబు ఆవిడ వైపు తిరిగి, ముసలివాళ్ళతో మాట్లాడే తియ్యటి గొంతు పెట్టాడు. “పెద్దమ్మగారూ, ఆ ఫర్నేసు పాతదైపోయింది. ఎలాగూ వచ్చే ఏడు పడగొట్టేదే. ఇప్పుడు ప్రభుత్వం ఆర్పించిందనుకోండి, నష్టపరిహారం…”

బావగారు ఆయన వైపు చూశారు. టైబాబు ఆగిపోయాడు. బావగారి చేతిలో బిస్కెట్టు సగానికి విరిగి టీలో పడింది. ఇద్దరూ ఆ కప్పులోకే చూస్తూ కూర్చున్నారు, ఆ ముక్క పైకి వస్తే మిగతా సంగతి అదే చెబుతుందన్నట్టు.

నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. ఫర్నేసు చస్తే సర్కారుకి గెలుపు. ఫర్నేసు చస్తే పెద్దాయనకి లాభం. దాన్ని బతికించుకోవాలని చూస్తున్నది లోకంలో నలుగురే. ఆ నలుగురూ పెద్దాయన పరువు కాపాడుతున్నామనుకుంటూ లోపల నిలబడి మాడిపోతున్నారు.

టైబాబుకి ఫోనొచ్చి వీధిలోకి వెళ్ళాడు. ఆయన వీపు గుమ్మం దాటగానే నేను బావగారిని అడిగాను.

“మీకు ముందే తెలుసా?”

నేను వెయ్యకపోతే సీలు ఇంకొకడు వేసేవాడు అన్నారాయన. ఇంకొకడైతే లోపల తమ్ముడున్నాడని చూసేవాడు కాదు అన్నారు.

“మీరేం చూశారు బావగారూ?”

అత్తయ్య పండ్లబుట్ట రిబ్బను వేలికి చుట్టుకుంటోంది. మెట్ల మీద చప్పుడైతే తలెత్తాను. అక్క సగం మెట్లు దిగి నిలబడి ఉంది. గేటుకి సీలు పడిన రోజు నుంచి ఆవిడా నేనూ మాట్లాడుకోలేదు. నాతో మాట్లాడలేదు ఇప్పుడు కూడా. మొగుడితో అంది.

“గేటు దగ్గరికి కారులో వెళ్ళి కారులో వచ్చేశారు. ఒక్కసారి లోపలికెళ్ళి వాడి మొహం చూశారా?”

గేటు దగ్గర్నుంచి హాలు కనపడదని ఆయన గొణిగారు.

“నడిస్తే కనపడుతుంది,” అని ఆవిడ మళ్ళీ పైకి వెళ్ళిపోయింది.

అప్పుడు చెప్పారు బావగారు, అసలు ఆ ఉదయం ఆయన దేనికి వచ్చారో. ఇంటివాళ్ళలో ఒకరిని లోపలికి పంపడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారు. వెళ్ళి నచ్చజెప్పి తీసుకురావాలి. మా ఆయన కదిలితే మిగతా ముగ్గురూ కదులుతారు. సాయంత్రంలోగా రాకపోతే పోలీసులు లోపలికి వెళతారు. అత్తయ్య మోకాళ్ళు హాలు మెట్లెక్కలేవు కాబట్టి నేనే వెళ్ళాలి. పిల్లని తీసుకెళ్ళనివ్వరు.

“ఆయన రానంటే? నేనొక్కదాన్నే తిరిగి రావచ్చా?”

బావగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. “వాడితోనే రావాలమ్మాయ్.”

బట్టలు మార్చుకుని వస్తానని చెప్పి, పాపని చంకనేసుకుని పెరటి దారిన పక్క వీధికి వెళ్ళాను. అక్కడ జోడీ ఉంటాడు. మా ఆయన దిగితే ఎక్కేది అతనే, అందుకే ఆ పేరు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. యూనిఫారంలో ఉన్నాడు. రోజూ డ్యూటీ వేళకి క్యారేజీ కట్టుకుని గేటు దాకా వెళ్ళి, కాసేపు నిలబడి, క్యారేజీతో తిరిగొస్తున్నాడట. కానిస్టేబుళ్ళు నవ్వుతున్నారని వాళ్ళావిడ చెప్పింది. నవ్వనీ అన్నాడు అతను.

సంగతి చెప్పాను. అంతా కాదు, నన్ను లోపలికి పంపుతున్నారని మాత్రం. వీపు మీద చెయ్యి ఎలా వేస్తారో అడిగాను.

అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నన్ను వెయ్యమన్నాడు. వేశాను. ఇంకాస్త కింద, గట్టిగా, అరచెయ్యి మొత్తం ఆనేట్టు అన్నాడు. పాప కూడా చెయ్యి చాచి అతని వీపు మీద కొట్టింది. జోడీ నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

“చెయ్యి పడితే అన్న వచ్చేస్తాడు వదినా. ఎందుకని అడగడు. ఎవరి చెయ్యో తిరిగి చూడడు. పక్కకి జరిగిపోతాడంతే. అందుకే చెబుతున్నా. ఫర్నేసులోకి నువ్వు చూడకుండా మాత్రం వెయ్యొద్దు. చూసి వేశావా, ఇక అది నీదే.”

నా చెయ్యి నీ చెయ్యే అనుకుని వేస్తాను, అన్నాను. అలా ఉండదు వదినా అన్నాడు.

అల్మారాలోంచి నీలం అద్దం తీసి నా చేతిలో పెట్టాడు. ఫర్నేసులోకి ఉత్త కళ్ళతో చూస్తే కళ్ళు పోతాయి, దీంట్లోంచి చూడాలి. ఇస్తూ ఇస్తూ మెల్లగా అన్నాడు, ఎవరేమన్నా పెద్దాయన మాత్రం ఫర్నేసుని వదలడు వదినా, అంత మాట అన్న మనిషి.

ఆ టైబాబు మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. జోడీకే చెప్పలేనిదాన్ని, మా ఆయనకేం చెబుతాను. పెద్దాయన మీద నాకు అసహ్యం అంతకుముందూ ఉంది. కానీ ఇలాంటివాళ్ళ నమ్మకం మీద కూర్చుని సోఫా కోసం బేరమాడుతున్నాడని తెలిశాక, ఆ అసహ్యానికి తగిన మాట నేను చదివిన క్లాసుల్లో ఎక్కడా నేర్పలేదనిపించింది.

తిరిగొచ్చేసరికి వాకిట్లో కారు నిలబడి ఉంది. అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఉంది. నేను చెప్పులు విడవకుండానే మెట్లెక్కాను.

అక్క తలుపు తీసే ఉంచింది.

పాపకి పాలు ఎప్పుడు పట్టాలో చెప్పాను. దగ్గు మందు ఎంత వెయ్యాలో చెప్పాను. దుప్పటి అంచు గుప్పిట్లో ఉంటేనే పడుకుంటుందని, చెవి వెనక రాస్తే ఊరుకుంటుందని…

“నాకు చెబుతావేంటి,” అంది అక్క. “పైనుంచి రోజూ వింటూనే ఉంటాగా.”

చేతులు చాపింది. నేను వెంటనే ఇవ్వలేకపోయాను. మీ ఆయన సీలు వెయ్యకపోతే నా పిల్ల నా దగ్గరుండేది అనాలనిపించింది. అన్నాను కూడా. ఆవిడ చేతులు అలాగే ఉంచింది.

“ఆయనకి అన్నం పెట్టి మూడు రోజులైంది,” అంది. “హోటల్లో తింటున్నాడు. అత్తయ్యకి చెప్పకు.”

పాపని ఇచ్చాను. పాప నా కొంగు పట్టుకుంది. అక్క ఒక్కొక్క వేలూ విడిపించింది, నొప్పెట్టకుండా.

“నువ్వొచ్చేదాకా దించను,” అంది.

ధైర్యం చెబుతున్నాననుకుని అంది ఆ మాట.

కారులో ముందు బావగారు, వెనక నేనూ టైబాబూ. దారిపొడుగునా ఇద్దరూ వంతులేసుకుని నాకు పాఠం చెప్పారు. మా ఇష్టంతో ఉన్నాం, కంపెనీ వెళ్ళిపొమ్మంది. కంపెనీ బలవంతంగా ఆపింది. ఒకరు చెబుతుంటే ఇంకొకరు మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశారు. అప్పజెప్పమంటారేమోనని భయపడ్డాను. అప్పజెప్పడం చేతకాకే కదా నేను బడి మానేసింది.

గేటు దగ్గర టైబాబు టై సవరించుకుని నీడలో నిలబడ్డాడు. సీలు బావగారే తీశారు. లక్క గోళ్ళల్లో ఇరుక్కుంది. చిన్న తలుపు తెరిచి పట్టుకుని, నేను వంగి లోపలికి దూరుతుంటే, ఎవరికీ వినపడకుండా అన్నారు.

“వాడు నా గురించి ఏమన్నా అంటే నాకు చెప్పకమ్మాయ్.”

“ఏమీ అనకపోతే చెప్పనా బావగారూ?”

ఆయన తలుపు మూసేశారు. వెనక మళ్ళీ లక్క కరిగించిన వాసన వచ్చింది.

హాల్లోకి వెళ్ళేసరికి చెవులు పనిచెయ్యడం మానేశాయి. మెట్లెక్కాను. ముగ్గురు గోడకి చేరగిలబడి ఉన్నారు, నన్ను చూసి ఒకడు లేవబోయి కూర్చుండిపోయాడు. మా ఆయన అటు చివర, ఆ వెలుగుకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. చొక్కా మీద చెమట ఎండి తెల్లగా చారలు కట్టింది. వెనక ఎవరో వచ్చారని ఆయనకి తెలిసింది. తల తిప్పలేదు. భుజాలు మాత్రం కాస్త కిందికి దిగాయి. చెయ్యి కోసం.

ఆ వీపు మీద చెయ్యి వేస్తే చాలు, ఆయన బయటికి వచ్చేస్తాడు. సాయంత్రంలోగా ఇంట్లో ఉంటాం, పాప నా ఒళ్ళో ఉంటుంది. ఫర్నేసు ఆరిపోతుంది. ఆర్పింది మంత్రి కాదు, పెద్దాయన కాదు, నా చెయ్యి అవుతుంది. వాళ్ళిద్దరికీ కావాల్సింది అదే. లేదంటే ఈ నీలం అద్దంలోంచి చూసి వెయ్యాలి. అప్పుడు ఆయన పడుకుంటాడు, నేను నిలబడాలి. పోలీసులు వచ్చేదాకా, ఎవరి చెయ్యో నా వీపు మీద పడేదాకా.

అద్దం ఎత్తాను.

నేనిక చూపు తిప్పలేను, మీలో మా వీధి తెలిసినవాళ్ళుంటే ఒక్క సాయం చెయ్యండి. మందుల షాపు పక్క సందులో, ఆకుపచ్చ రెయిలింగు ఉన్న మేడ. కింద గుమ్మంలో ఒక ముసలావిడ కూర్చుని ఉంటుంది, ఆవిడని పలకరించి పైకి వెళ్ళండి. పాప ఏడుపు వినపడితే ఫరవాలేదు, వచ్చేయండి. వినపడకపోతే మాత్రం తలుపు తట్టి, ఒకసారి కింద పడుకోబెట్టమని అక్కతో చెప్పండి. పడుకోబెట్టాక కాసేపు నిలబడి, ఊపిరి సరిగా తీస్తోందో లేదో చూడండి.